యారాడ కొండలను గూర్చి



గత సంచికలోని విశాఖతీర వ్యాసమున, యారాడలో ఇసుకయు కెరటములును దక్క విశేషమేమియు లేదని వ్రాయుట నాకు మిక్కిలి ఖేదము కలిగించినది. మూడు దిక్కుల కొండలును, నాల్గవ దిక్కున బంగాళాఖాతమును ఆవరించిన ఆ సీమకు పోవుచు, కొండదారి మలుపున క్రింద కొబ్బరితోటలును వాని కావల నీలజలధియు ఒక్కమారుగ దర్శనమిచ్చు తావున క్షణమైన నిలువనివారికి అట్లు తోచవచ్చును. కాని ఆ యిసుకలోను కొండల పాలున్నది: తూర్పు కనుమల ఖోండలైటు శిల యెండవానలకు శిథిలమై, అందలి గార్నెట్టు రేణువులు వాగులవెంట కడలిజేరి, కెరటములతో మరలివచ్చి, విశాఖ తీరమున ఎఱ్ఱని చారలై పరచుకొనును. ఆ కొండల వరుసలోని డాల్ఫిన్స్ నోస్ కొండయే 1933లో ప్రారంభమైన రేవునకు పెట్టనికోట.

యారాడ స్నానమునకు అనువైన చోటని వ్రాయుట మాత్రము ఉపేక్షింపరానిది. అచటి నీరు మనుష్యుని లోనికి లాగుకొనిపోవును, ప్రాణములు పోయినవి. ఆ వాక్యమును వచ్చు సంచికలో సవరింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్టణము