తెరపై తారుమారయ్యే తెలుగు: ప్రదర్శన ఫైళ్లు – తెలుగు శాఖల బాధ్యత

ప్రస్తావన

ఒక జాతీయ సదస్సులో శాసన భాషపై పత్రం సమర్పించడానికి ఒక పరిశోధక విద్యార్థిని వేదిక ఎక్కింది. ఆమె తన కంప్యూటరులో సిద్ధం చేసుకొన్న స్లైడ్లు వేదిక మీది కంప్యూటరులో తెరుచుకొన్నాయి. కాని వాటిలో తెలుగు లేదు. రోమన్ అక్షరాలు, వాటి నెత్తిన గుర్తులు, మధ్యమధ్య డాలరు చిహ్నాలు బారులు తీరాయి. కేటాయించిన పదిహేను నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు ఫాంటు వెతకడానికే సరిపోయాయి. సభాధ్యక్షులు “ముందే చూసుకోవాలి కదమ్మా” అని మందలించి తరువాతి వక్తను పిలిచారు. సభలో ఎవరికీ ఇది అన్యాయంగా తోచలేదు. ఆ మందలింపు చేరవలసిన చోటికి చేరలేదనీ, తప్పు విద్యార్థినిది కాక ఆమెకు ఆ పద్ధతి నేర్పిన మన శాఖలదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

రూపం వేరు, పాఠం వేరు

పాఠపరిష్కరణను శాస్త్రంగా బోధించే శాఖలు మనవి. ఒక్క అరసున్న గురించి, ఒక్క శకటరేఫ గురించి పుటలకొద్దీ చర్చిస్తాం. లేఖక ప్రమాదం వల్ల పద్యపాదం చెడితే నాలుగు ప్రతులు తెప్పించి పోల్చి చూస్తాం. అటువంటి మనమే, మన సొంత రచన మరో యంత్రంలో ఆమూలాగ్రం చెడిపోతే “ఫాంటు లేదు” అని తేలిగ్గా సరిపెట్టుకొంటున్నాం. నిజానికి అక్కడ లేనిది ఫాంటు మాత్రమే కాదు, పాఠమే.

ఈ మాట అతిశయోక్తి కాదు. అను, శ్రీలిపి వంటి వ్యవస్థల పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్లు, కొమ్ములు, ఒత్తులను, రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో అమర్చారు. ఫైలులో నిలవ ఉండేవి ఆ రోమన్ సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు తొలగితే వేషం తొలగుతుంది. ఒక వ్యవస్థ సంకేతాల అమరిక మరొకదానికి చెల్లదు కనుక ఏదో ఒక తెలుగు ఫాంటు ఉన్నంత మాత్రాన ఆ ఫైలు చదవడానికి వీలుపడదు. యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నం. ‘స్త్రీ’ అనే మాట అందులో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అనే ఆరు సంకేతాల వరుసగా నిలుస్తుంది. ఫాంటు మారితే అక్షరాల అందం మారవచ్చు, మాట మారదు. తెలుగుకు ఈ స్థానం 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. ఈ-పరిపాలనకు యూనికోడ్‌ను ప్రమాణంగా భారత ప్రభుత్వం 2009లో ప్రకటించింది. ఇన్నేళ్ల తరువాత కూడా “వ్యాసాలు అను ఫాంటులో పంపండి” అన్న ప్రకటనలు సాహిత్య పత్రికల్లో, సదస్సుల ఆహ్వానాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. దీన్ని అలవాటు అని సమర్థించుకోవచ్చు గాని శాస్త్రీయత అనలేం.

యూనికోడ్‌తోనే కథ ముగియదు

యూనికోడ్ వాడితే అన్ని చిక్కులూ తీరతాయని చెప్పడం కూడా సత్యదూరమే. పవర్‌పాయింట్ 2007 నుంచి వాడుకలోకి వచ్చిన పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఎక్స్ఎంఎల్ పత్రాల మూట. ఆఫీస్ 2007తో వచ్చిన సాధారణ థీమ్‌లో తెలుగు లిపికి గౌతమి అని రాసి ఉంటుంది. ఆ ఫాంటు మాక్ యంత్రాల్లోగాని లినక్స్ వ్యవస్థల్లోగాని సహజంగా ఉండదు. విండోస్ 10లో సైతం అది అదనంగా చేర్చుకోవలసిన ఫాంట్ల జాబితాలోకి వెళ్లింది. నిర్మల యూఐ దాని స్థానంలో నిలిచింది. ఫాంటు లేనిచోట యంత్రం తనకు తోచిన మరో ఫాంటును తెస్తుంది. దాని అక్షరాల వెడల్పు, వరుసల ఎత్తు వేరుగా ఉంటాయి. అందుచేత పద్యం నాలుగో పాదం పెట్టె దాటి కిందికి జారుతుంది, పట్టికలో ప్రత్యయాలు ఒకదానిపై ఒకటి పడతాయి.

మన రంగానికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ప్రాచీన శాసనాలను చర్చించేవారికి అవసరమైన ఴ అనే అక్షరం యూనికోడ్‌లోకి 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో చేరాయి. 2001 నాటి ఫాంటులో ఇవి ఉండే అవకాశమే లేదు. అక్షరం ఉండవలసిన చోట ఖాళీ డబ్బా కనబడుతుంది. శాసన భాషపై ప్రసంగంలో చర్చనీయాంశమైన అక్షరమే కనబడకపోతే ఇక చర్చ దేనిమీద?

పూర్వపక్షాలు

“ఇది సాంకేతిక నిపుణులు చూసుకోవలసిన విషయం” అనేది మొదటి ఆక్షేపణ. ఏ అక్షరం ఉండాలో, ఏ ఒత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించగలిగేది తెలుగు పండితుడే. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో టకారపు పొల్లు తరువాత కంటికి కనబడని విభాజక సంకేతం లేకపోతే వకారం ఒత్తుగా మారి ‘ట్వే’ అవుతుంది. ఆ తేడాను గుర్తించే బాధ్యత కంప్యూటరు గది సహాయకుడిది కాదు.

“అందరూ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేరు, ఒకే వెర్షను కొంటే సరి” అనేది రెండవది. ఖరీదు సంగతి అలా ఉంచినా ఈ వాదన నిలవదు. 2007లో ఆఫీస్ 2003కు వచ్చిన మూడవ సర్వీస్ ప్యాక్, భద్రతను కారణంగా చూపి, పవర్‌పాయింట్ 97కు ముందటి ఫైళ్లను మామూలుగా తెరవకుండా ఆపివేసింది. తన పాత ఫైళ్లకే ద్వారం మూయగలిగిన కంపెనీ మీద భారం వేసి భావితరాలకు పరిశోధనను అందించలేం. ప్రమాణం కంపెనీ చేతిలో కాక బహిరంగంగా ఉండాలి. ఓపెన్ డాక్యుమెంట్ 2006లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. పీపీటీఎక్స్‌కు ఆధారమైన ఓఓఎక్స్ఎంఎల్ 2008లో అయింది. రెండవదానికి ఆ హోదా ఇవ్వడాన్ని నాటి ఓటింగులో భారతదేశం వ్యతిరేకించిందనీ, ఈ-పరిపాలనలో బహిరంగ ప్రమాణాలు వాడాలన్న విధానాన్ని 2010లో ప్రకటించిందనీ గుర్తుంచుకోవాలి. దేశం తీసుకొన్న ఈ వైఖరి మన సదస్సుల ఆహ్వానపత్రాల దాకా ఇంకా చేరలేదు.

“పీడీఎఫ్ ఇస్తే చాలు” అనేది మూడవది. ప్రదర్శన వరకు ఇది మంచి ఉపాయమే. రూపం చెదరదు. అయితే పాత ఫాంటుతో కూర్చిన సిద్ధాంత వ్యాసం శోధగంగలో పీడీఎఫ్‌గా చేరినా తెలుగు మాటతో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో కూర్చినదైనా పీడీఎఫ్ నుంచి నకలు చేస్తే తరచు గుణింతాలు, ఒత్తులు తారుమారవుతాయి. చూడడానికి బాగుండి వెతకడానికి, ఉటంకించడానికి అక్కరకు రాని ప్రతి ఛాయాచిత్రంతో సమానం.

“అచ్చు కూర్పరులు పాత ఫాంట్లే కోరుతున్నారు” అనేది చివరిది. కూర్పరుల నైపుణ్యం గౌరవించదగినదే. వారి చేతుల మీదుగానే రెండు తరాల తెలుగు అచ్చయింది. కాని పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001 నాటిది. ఇన్‌డిజైన్ భారతీయ లిపులను యూనికోడ్‌లో కూర్చే సౌకర్యం 2012 నుంచే కల్పిస్తున్నది. ఆగిపోయిన పనిముట్టు కోసం సాగవలసిన భాషను ఆపడం ధర్మం కాదు.

చేయవలసినవి

మొదట, సదస్సు పత్రాలు, ప్రదర్శన ఫైళ్లు, సిద్ధాంత వ్యాసాలు యూనికోడ్‌లోనే స్వీకరిస్తామని శాఖలు నిర్ణయించాలి. రెండవది, బహిరంగ లైసెన్సు గల ఫాంట్లనే నిర్దేశించాలి. మండలి, రామభద్ర, సూరన్న, నోటో వంటివి ఉచితంగా లభిస్తాయి; ఫైలుతో పాటు పంపినా చట్టవిరుద్ధం కాదు. అన్ని ఫాంట్లలో అన్ని శాసనాక్షరాలూ ఉండవు కనుక అవసరమైన అక్షరాలున్నాయో లేదో ముందుగా సరిచూడాలి. మూడవది, ప్రతి ప్రదర్శనకూ రెండు ప్రతులు కోరాలి: మార్పులకు వీలైన ప్రామాణిక ఫైలు ఒకటి, రూపం చెదరని పీడీఎఫ్ ఒకటి. నాలుగవది, వేదిక మీది కంప్యూటరులో ఆ ఫైళ్లను ముందురోజే తెరిచి చూసే పూచీ నిర్వాహకులది కావాలి. యంత్రలోపం వల్ల పోయిన సమయాన్ని వక్త ఖాతాలో రాయకూడదు. ఐదవది, పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో లిపి సంకేతనం ఒక భాగం కావాలి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి. వాటి ఫలితాన్ని మూలంతో పోల్చి పరిష్కరించడం విద్యార్థులకు చక్కని పాఠపరిష్కరణ అభ్యాసం కూడా అవుతుంది.

ముగింపు

తాటాకు ప్రతి చెదలు పట్టినా మిగిలిన ఆకు మీది అక్షరం చదవడానికి వేరే యంత్రం అక్కరలేదు. మనం నేడు రాస్తున్నది చదవాలంటే యంత్రం కావాలి, ఆ యంత్రానికి అర్థమయ్యే సంకేతం కావాలి. ఆ సంకేతాన్ని ఎంచుకోవడం సంపాదకత్వంలో భాగం, కనుక అది మన పని. ఆ రోజు వేదిక దిగిన విద్యార్థిని పత్రంలో శాసనపాఠానికి సంబంధించిన కొత్త ప్రతిపాదన ఒకటి ఉందని తరువాత ఆమె చేతిరాత ప్రతి చూసినప్పుడు తెలిసింది. సభకు అది అందలేదు. అందకపోవడానికి కారణం ఆమె అజాగ్రత్త అనుకొన్నంతకాలం ఇటువంటి ప్రతిపాదనలు ఇంకెన్నో మనకు అందకుండానే పోతాయి.