తాబేలుకు జలుబు

కిందటి మార్గశిరంలో హోసూరులో మా అక్కయ్యగారింటికి వెళ్లాము. ఆ ఊరి చలి పాఠకులలో కొందరికి తెలిసినదే. పెరటి వసారాలో ఒక అట్టపెట్టె. అందులో పసుపు గీతల డిప్పతో నక్షత్ర తాబేలు. ఇంట ఉంటే కలిసివస్తుందని ఎవరో ఇచ్చారట. దాని ముక్కున బుడగలు, లోపల ఈలవంటి చప్పుడు. మెడ చాచి, నోరు తెరచి ఊపిరి తీస్తున్నది. తిండి మాని ఆరు రోజులైందట.

“జలుబేలే, తులసి రసం పోస్తే పోతుంది” అన్నది అక్కయ్య. మేమూ నవ్వాము. నవ్వవలసిన సంగతి కాదని ఒక పశువైద్యునికి ఫోను చేసి అడిగాక తెలిసింది.

మనకు ఊపిరితిత్తుల కింద ఒక కండరపు పొర ఉన్నది. దాని సాయంతోనే నిండుగా ఊపిరి పీల్చి గట్టిగా దగ్గగలము. తాబేలుకు అటువంటిది లేదు. పక్కటెముకలా, డిప్పతో కలిసిపోయినవి, కదలవు. కాళ్ల మొదళ్లలోను పొట్టలోను ఉన్న కండరాలతోనే గాలి లాగి వదలాలి. దగ్గి కఫాన్ని పారవేయలేదు గనుక, ముక్కున కనబడిన చీమిడి లోపలికి దిగితే న్యుమోనియాయే. చలి, చెమ్మ, ఎండ సోకని పెట్టె దీనికి మూలాలు. దాని ఒంటి వేడి ఎండ ఇచ్చేదే గదా! పైగా వీరు అన్నం, బిస్కత్తులు పెట్టేవారట. ‘ఎ’ విటమిను తక్కువైనా ముక్కులోని పొర పాడవుతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చేరితే ఒకదాని నుండి మరొకదానికి అంటుకుంటుంది కూడ. తులసి రసం బలవంతాన పోస్తే తిన్నగా ఊపిరితిత్తులకే పోవచ్చును.

“గుడి కోనేటిలో వదిలేద్దాం, పుణ్యం” అన్నారు బావగారు. ఇది మెట్ట తాబేలు. కోనేటిలో వేస్తే మునిగి చస్తుంది. జబ్బుతో అడవిలో వదలుట మరీ చేటు. అమెరికాలో మొహావే ఎడారి తాబేళ్లకు ఈ ముక్కు జబ్బే వ్యాపించింది. 1990లో వాటిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. ఇళ్లలో పెంచి వదలిన తాబేళ్లు జబ్బును మోసికొనిపోయి ఉండవచ్చునని అక్కడి శాస్త్రజ్ఞుల అనుమానం.

ఇంతకూ వైద్యునికి ముందే ఎందుకు చూపలేదయ్యా అంటే, భయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, ఇంట ఉంచుకోవడం నేరం. 2022 సవరణతో దానిని మొదటి షెడ్యూలుకు చేర్చారు. నేరమని తెలిసి దాచారు. దాచి ఆరు రోజులు పోగొట్టారు. మాకు కోపం వచ్చినది దీనికే.

మరునాడు పొడిగుడ్డ పరచిన బుట్టలో, చలిగాలి తగలకుండ, అటవీశాఖ కార్యాలయానికి తీసుకొనిపోయి అప్పగించాము. బావగారు ఉన్నదున్నట్టు చెప్పి కాగితం మీద సంతకం చేశారు. అది బ్రతికినదీ లేనిదీ మాకింకా కబురు లేదు.