చిన్నతనం ఎక్కడికి పోయింది?



"మా చిన్నతనమే వేరు" అనే మాట ఈ మధ్య ప్రతి ఇంటా వింటున్నాము. చెరువులో ఈత, చింతచెట్టు కింద చిర్రగోనె, వెన్నెల్లో దాగుడుమూతలు ఇవన్నీ తలచుకొని, ఇప్పటి పిల్లలను చూచి జాలిపడుట మనకు అలవాటైపోయినది. మేమును ఎన్నోసార్లు అలాగే మాట్లాడియున్నాము. అయితే మొయినాబాదు మండలంలోని సురంగల్‌లో ఒక అవ్వతో మాట్లాడిన తరువాత ఆ మాట అంత సులువుగా నోట రావడం లేదు.

మేము అడిగినది చిన్న ప్రశ్నే. "అవ్వా, చిన్నప్పుడు మీరు ఏమేమి ఆటలు ఆడేవారు?"

ఆమె నవ్వింది. "ఆట యాడిదయ్యా? ఏడేండ్లకే గొడ్ల ఎన్క పోయిన. చంకల చెల్లె. మా అన్న పటేలింట్ల జీతమున్నడు. గొడ్లు చెట్టు కింద పండుకుంటే గప్పుడే మా ఆట. చింతగింజలు ఏరుకొని వామనగుంటలు ఆడేటోళ్ళం. గొడ్డు లేసిందంటే ఆట బంద్."

చెరువులో ఈత కొట్టిన పిల్లవాడు ఒకడుంటే, వాని ఇంటి గొడ్లను కాచిన పిల్లవాడు మరొకడు. పెద్దయ్యాక జ్ఞాపకాలు వ్రాసుకున్నవాడు బడికి పోయిన మొదటివాడే గనుక, మనకు వాని చిన్నతనమే అందరి చిన్నతనంగా కనబడుచున్నది. మన సంఘాలలోని కుటుంబాలు ఎక్కువగా ఆ రెండవవాని సంతతి. ఇది మనం మరచిపోతే ఎట్లా?

ఆ స్థితి తనంతట తాను మారలేదు. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన ఫౌండేషను, 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లలను పని మానిపించి బడిలో చేర్చు ప్రయత్నం మొదలుపెట్టినది. దానిని నడిపిన శాంతా సిన్హా గారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించినవారు. బడిలో లేని ప్రతి బిడ్డ బాలకార్మికుడే అనునది వారి వాదం. 1986 నాటి బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనులను వేరుచేసి, వాటిని మాత్రమే నిషేధించినది. ఆ తేడాను వారు ఒప్పుకోలేదు. గొడ్లు కాచుట, చెల్లెలిని ఎత్తుకొని ఇంట ఉండుట కూడ పనే అన్నారు. పదకొండేండ్ల పిల్లవానిని ఒకటో తరగతిలో పసివారి పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోవును గదా. అందుచేత మొదట శిబిరంలో ఉంచి, చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించేవారు. ఊళ్ళలోని యువకులే ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులతోను, పిల్లలను జీతానికి పెట్టుకున్నవారితోను మాట్లాడేవారు. పిల్లల కూలి లేనిదే పేదవానికి గడవదు అనే పాత మాటకు ఈ పల్లెలే జవాబిచ్చినవి. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసె పురస్కారం లభించినది.

2010 ఏప్రిల్ 1 నుండి 6 మొదలు 14 ఏండ్లవరకు చదువు హక్కయినది. 2016 సవరణ 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదన్నది గాని, బడి వేళల తరువాత, సెలవులలో కుటుంబపు పనిలో సాయపడవచ్చునని ఒక సందు ఉంచినది. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతాలలో పూలతోటలు, కూరగాయల మడులు ఎక్కువ. తెల్లవారుజామున పూలు కోయించి పిల్లను బడికి పంపితే చట్టం దానిని సాయమే అనవచ్చును. మొదటి గంటలోనే బల్లమీద తల వాల్చి నిద్రపోయే ఆ పిల్లను అడిగి చూడండి, ఏమంటుందో.

ఇక ఈ అవ్వ మనుమరాలి సంగతి. ఏడవ తరగతి చదువుచున్నది. పొద్దున పసుపుపచ్చ బస్సు, సాయంకాలం ట్యూషను, ఆ పైన ఫోను. "సదువుకుంటున్నది, మంచిగనే ఉన్నది. గాని నాతోని మాట్లాడదయ్యా" అన్నది అవ్వ. ఆ మాటలో ఫిర్యాదు కన్నా బెంగ ఎక్కువగా వినబడినది.

పిల్ల తప్పేమున్నది? 2020 మార్చిలో కరోనావలన బడులు మూసినారు. సెప్టెంబరు 1 నుండి పాఠాలు టీవీలో, ఫోనులో వచ్చినవి. అప్పు చేసి ఫోను కొన్న తల్లిదండ్రులు మనలో ఎందరో. బడులు తెరిచినారు గాని ఫోను ఇంటిలోనే ఉండిపోయినది. పోనీ, బయటకు పోయి ఆడుకొమ్మందామా? జంటజలాశయాల రక్షణకై 1996 మార్చిలో వచ్చిన 111 జీ.వో. 84 గ్రామాలలో కట్టడాలపై ఆంక్షలు పెట్టినను, ఈ చుట్టుపక్కల పొలాలు చేతులు మారుట ఆగలేదు. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలించుచు 69 జీ.వో. వచ్చినది. గొడ్లు పండుకున్న చెట్టు ఇప్పుడు ఎవరిదో ఫాం హౌసు గోడ లోపల ఉన్నదట.

రెండు నుండి నాలుగేండ్ల బిడ్డకు రోజుకు ఒక గంట మించి తెర చూపరాదని, అంతకన్న తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మేము ఒక సంగతి ఒప్పుకోవలెను. ఆరాధనలో బిడ్డ ఏడిస్తే వెనుక వరుసలో తల్లి ఫోను చేతికిచ్చును. ప్రసంగానికి అడ్డు రాలేదని మేము ఊరకుంటిమి. ఆ బిడ్డను కాసేపు ఎత్తుకొందుమని మాలో ఒక్కరమైనా లేవలేదు.

1989 నాటి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992 డిసెంబరులో అంగీకరించినది. అందులో 31వ అధికరణం విశ్రాంతి, ఆట కూడ బిడ్డ హక్కులని చెప్పుచున్నది. పని నుండి విడిపించుటకు ఈ జిల్లాలో ఊరూరు కదిలినది. ఆ విడిపించిన పొద్దును ఎవరితో గడుపుదురన్నది మాత్రం మనలో ఎవరమూ అడుగలేదు.

అందుకని మేము ఒక చిన్న ఏర్పాటు తలపెట్టినాము. ఆదివారం ఆరాధన అయిన తరువాత మందిరపు ఆవరణ గేటుకు వెంటనే తాళం వేయము. సాయంకాలం వరకు పిల్లలకు అదే ఆటస్థలం. పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుండవలెను. కాపలాకు కాదు, ఆడుటకే. ఫోనులన్నీ లోపల బల్లమీద, మావి కూడ. ఈ మాట చెప్పగానే అవ్వ లేచి లోపలికి పోయి, ముంతలోనుండి గుప్పెడు చింతగింజలు తెచ్చి మా చేతిలో పోసినది. "గుంటలు మీరు తీయుండ్రి, నాకు నడుము వంగది" అన్నది.