ఆపేసిన ఫైర్‌వాల్‌ను ఈ రాత్రే ఆన్ చేయండి!

కాలనీవాసులారా! ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న అన్నలారా, అక్కలారా! హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మీ లాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ నడుస్తోందా, ఆగిపోయిందా? ఈ కాగితం పక్కన పెట్టేలోపు ఒక్కసారి చూడండి.

విండోస్ ఫైర్‌వాల్‌కు పైసా ఖర్చు లేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, నెట్‌కు కలిపి ఉన్న కంప్యూటర్లలోకి దూరిపోయింది. అలాంటి దెబ్బలు తిన్నాకే, 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నుంచి ఫైర్‌వాల్‌ను ముందే ఆన్ చేసి ఇస్తున్నారు. మరి ఆపుతున్నదెవరు? మన ఇంట్లోవాళ్లే! క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే ముందు ఫైర్‌వాల్ ఆపమని ఏదో వీడియోలో చెబుతారు, పిల్లలు ఆపేస్తారు. ప్రింటర్ కలవడం లేదని రిపేరుకు వచ్చిన కుర్రాడు ఆపుతాడు. ఆట మధ్యలో స్నేహితుడి లాప్‌టాప్ కనబడలేదని ఇంకొకరు ఆపుతారు. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నెలలు గడిచిపోతాయి. ఆ లాప్‌టాప్‌లోనే ఆధార్, పాన్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు ఫైళ్లు, పెళ్లి ఫొటోలు ఉంటాయి.

2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే వర్మ్‌ను మరవకండి. ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే 445వ పోర్ట్ మీదుగా అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తనంతట తానే పాకింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మందు ఇచ్చింది అదే ఏడాది మార్చిలో. అప్‌డేట్ చేసుకున్నవారికీ, బయటినుంచి 445కు వచ్చే పిలుపులను అడ్డుకున్నవారికీ ఆ దారిలో ముప్పు రాలేదు.

ఫైర్‌వాల్ చేసేది అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ పనే. మీరు బయటికి వెళ్తుంటే అడగడు. మీరు పిలిపించుకున్న మనిషిని పైకి పంపిస్తాడు. పిలవకుండా వచ్చినవాణ్ని ఆపేస్తాడు.

“ఇంట్లో రౌటర్ ఉందిగా, అది చాలదా?” అని చాలామంది అడుగుతున్నారు. చాలదు! రౌటర్ కాసేది ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చేవాటిని. అదే వైఫైలో ఉన్న పక్కవాడి లాప్‌టాప్ నుంచి వచ్చేదాన్ని అది ఆపుతుందన్న భరోసా లేదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ హాస్టళ్ల సంగతి చూడండి. ఒకే పాస్‌వర్డ్, దాని మీద బిల్డింగు మొత్తం. అందులో ఒక్క లాప్‌టాప్‌కు వర్మ్ పట్టిందంటే, మిగతావాటికి రక్షణ ఎవరి ఫైర్‌వాల్ వారిదే. కాబట్టి కొత్త వైఫైకి కలిసినప్పుడు, మీ పీసీ ఇతరులకు కనిపించాలా అని విండోస్ అడిగితే ‘నో’ అనండి. ఇదివరకే ‘ఎస్’ అని ఉంటే, వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి ‘పబ్లిక్’ అని మార్చండి. హాస్టల్ యజమానులకు మా డిమాండ్: ఒకరి పరికరం ఇంకొకరికి కనబడకుండా చేసే ఏర్పాటు మీ రౌటర్‌లో ఉందేమో చూసి, ఉంటే వెంటనే పెట్టించండి!

ఇప్పుడు చేయవలసిన పని. స్టార్ట్ నొక్కి ‘విండోస్ సెక్యూరిటీ’ తెరవండి. అందులో ‘ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్’లోకి వెళ్లండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు కనిపిస్తాయి. మూడూ ఆన్‌లో ఉండాలి. వేరే యాంటీవైరస్ కొని ఉంటే దాని ఫైర్‌వాలే కాపలా కాస్తుండవచ్చు, దాని గడువు తీరిందేమో చూసుకోండి. తర్వాత కిందే ఉన్న ‘అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్’ తెరవండి. ఎక్కువమంది వదిలేసేది ఈ జాబితానే. ఎప్పుడో తొందరలో ‘అలౌ’ నొక్కిన ప్రతి ప్రోగ్రామ్ ఇక్కడ కూర్చుని ఉంటుంది. తీసేసిన ఆటలు, ఒక్కరోజు వాడిన ఫైల్ షేరింగ్ యాప్‌లు, వాటికి టిక్ తీసేయండి. ఏదైనా అవసరమైనది ఆగితే ఆ ఒక్కదానికే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు, ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆపే పని లేదు. రైల్వే స్టేషన్‌లోనో హోటల్‌లోనో వైఫై వాడేటప్పుడు పబ్లిక్ కింద ‘బ్లాక్స్ ఆల్ ఇన్‌కమింగ్ కనెక్షన్స్’కు కూడా టిక్ పెట్టండి. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే సెట్టింగ్స్ ముట్టుకోకుండా మీ ఐటీ విభాగాన్ని అడగండి.

మ్యాక్‌బుక్ వాడేవారు ‘సిస్టమ్ సెట్టింగ్స్’, ‘నెట్‌వర్క్’, ‘ఫైర్‌వాల్’ అన్న దారిలో వెళ్లి చూడండి, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఉబుంటులో ఫైర్‌వాల్ ఉంటుంది కానీ మీరు చెప్పేదాకా పని మొదలుపెట్టదు, వాడేవారు గమనించాలి.

ఫైర్‌వాల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసి, లాప్‌టాప్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ యాప్ పెట్టుకోమని, అందులో కనిపించే నంబరు చెప్పమని అడిగేవాణ్ని ఫైర్‌వాల్ ఆపలేదు. ఎందుకంటే వాణ్ని లోపలికి రానిచ్చింది మీరే అవుతారు. ఆ ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్‌డేట్ల సంగతి కూడా చూసుకోండి: విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దాని మీదే ఉన్నవారు 11కు మారే ఏర్పాటు చూసుకోండి.

ఈ ఆదివారం సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాలులో కూర్చుంటున్నాం. మీ లాప్‌టాప్ తెచ్చుకోండి, మీ చేతులతోనే సెట్ చేయిస్తాం. ఫీజు లేదు, మీ పాస్‌వర్డ్ మేం అడగం, మీరూ ఎవరికీ చెప్పకండి. పిల్లలు విదేశాల్లో ఉండి, వీడియో కాల్ కోసం లాప్‌టాప్ వాడే పెద్దవాళ్లు మీ పక్క ఫ్లాట్‌లో ఉంటే, వారిని కూడా వెంటబెట్టుకుని రండి!

ఇట్లు,
మీ కాలనీలో కంప్యూటర్ పని చేసుకునే ఇరుగుపొరుగువారు