స్టీరింగ్ దగ్గర మనమే కూర్చుని చూడాలి

కారు కొనేటప్పుడు ధర, మైలేజీ మగవాళ్లు మాట్లాడుకుంటారు. రంగు మాత్రం మనల్ని అడుగుతారు! పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకు వెళ్లేది మనమైతే, బుక్ చేసేముందు నడిపి చూడాల్సిందీ మనమే.

1999లో వచ్చిన మారుతీ వ్యాగన్‌ఆర్‌నే తీసుకోండి. డబ్బాలా ఉంటుందని వెక్కిరిస్తారు గానీ, ఆ ఎత్తులోనే సుఖమంతా. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు అట్టే వంగకుండా ఎక్కి దిగుతారు. ముందున్న రోడ్డు చక్కగా కనిపిస్తుంది. పొడవు నాలుగు మీటర్లలోపే కాబట్టి ఇరుకు సందుల్లోనూ తిప్పుకోవచ్చు. క్లచ్ తొక్కి తొక్కి కాలు లాగేస్తోందంటారా, ఆటోమేటిక్ గేర్లదీ ఉంది.

మరి భద్రత? 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు ఒక్క స్టారే వచ్చింది. పిల్లల భద్రతకు సున్నా. 2025లో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు, సంతోషమే. కానీ ఎయిర్‌బ్యాగు పెట్టినంత మాత్రాన బాడీ గట్టిపడదు కదా! పాపాయిని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం ఏ కారులోనైనా ప్రమాదమే. షోరూముకు వెళ్లినప్పుడు చైల్డ్ సీటు వెనక బిగించి చూపించమనండి.

ఊళ్లో తిరగడానికైతే ఇది నిక్షేపంగా సరిపోతుంది. నెలనెలా హైవే మీద పుట్టింటికి వెళ్లేవాళ్లు మాత్రం, ఇంకాస్త డబ్బు పెట్టయినా, పరీక్షల్లో ఎక్కువ స్టార్లు తెచ్చుకున్న కారే అడగండి.