ఆరో తరగతి పిల్లలకి ఇండక్షన్ ఉండదా?

ఏటా జూన్ వచ్చిందంటే మా ఆఫీసులో ఒక మెయిలొస్తుంది. "ఫలానా శనివారం ఫలానా ఊరి జిల్లాపరిషత్ హైస్కూలుకి వెళ్తున్నాం, బ్యాగులూ నోటుపుస్తకాలూ పంచుతున్నాం, తలా వెయ్యి రూపాయలివ్వండి, వచ్చేవాళ్ళు టీషర్టు సైజు చెప్పండి" అని. టీషర్టులు పిల్లలకి కాదు లెండి, మనకే. ఫొటోలో అందరం ఒకేలా కనబడొద్దూ!

ఇచ్చే చెయ్యిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచీ సర్కారు బడి పిల్లలకి బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం, నోటుపుస్తకాలు ప్రభుత్వమే ఇస్తోంది. మొదట విద్యాకానుక అన్నారు, 2025లో విద్యార్థి మిత్ర అన్నారు. పేరు ఏదైనా బ్యాగు మాత్రం వస్తోంది. దాని మీద మనం ఇంకో బ్యాగు ఇచ్చి, సమోసా పెట్టి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తున్నాం. ఆ పిల్లలకి నిజంగా లేనిదేమిటో ఎవరైనా అడిగారా?

మళ్ళీ జనవరిలో ఇంకో మెయిలు. ఈసారి పదో తరగతికి ప్రేరణ తరగతులు. మనలో కాస్త గట్టిగా మాట్లాడగలిగినవాడు మైకు పట్టుకుని "కలలు కనండి" అంటాడు. పరీక్షలకి రెండు నెలలుందనగా! రిలీజుకి వారం ముందు వచ్చి "క్వాలిటీ ముఖ్యం" అని ఉపన్యాసమిచ్చే మేనేజర్ని మనం ఎన్ని మాటలంటాం? అక్కడ మనం చేస్తున్నదీ అదే.

నేననేది ఒక్కటే. మన డబ్బూ, హెడ్మాస్టర్ల ఆదుర్దా, కలెక్టర్ల సమీక్షలూ అన్నీ పదో తరగతి చుట్టూ తిరుగుతాయి, ఫలితాలు పేపర్లో వస్తాయి కాబట్టి. పిల్లలు చేజారడం మొదలయ్యేది మాత్రం ఆరో తరగతిలో, అదీ మొదటి రెండు మూడు నెలల్లో. అక్కడ ఎవరూ ఉండరు.

మనం ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఏం జరిగిందో గుర్తుతెచ్చుకోండి. ఇరవై రెండేళ్ళ వాళ్ళం, చేతిలో ఇంజనీరింగు డిగ్రీ. అయినా ఇండక్షన్ అని కొన్నాళ్ళు, ట్రైనింగని ఇంకొన్నాళ్ళు. క్యాంటీన్ ఎక్కడుందో చూపించడానికి కూడా ఒక బడ్డీ. ప్రాజెక్టులో వేశాక కూడా మొదట్లోనే ప్రొడక్షన్ జోలికి ఎవరూ పోనివ్వరు.

ఇప్పుడు పదకొండేళ్ళ పిల్ల సంగతి చూడండి. నిన్నటిదాకా వీధి చివర బడి. ఇద్దరు టీచర్లు, ముప్పైమంది పిల్లలు. రాకపోతే ఇంకో పిల్లని ఇంటికి పంపించి మరీ పిలిపించే మేడమ్. జూన్ 12న తెల్లారేసరికి మూడు కిలోమీటర్ల అవతల హైస్కూలు. పీరియడ్‌కో టీచరు. ఒక్కో టీచరు రోజుకి నాలుగైదు సెక్షన్లు చూస్తారు, పేర్లు తెలిసేసరికి దసరా వస్తుంది. ఏ పుస్తకం ఏ పూట తేవాలో తెలీదు కాబట్టి అన్నీ మోసుకొస్తుంది. హిందీ అక్షరాలు మొదటిసారి చూసేది చాలామంది ఇక్కడే. భోజనం క్యూలో తొమ్మిదీ పది తరగతుల పిల్లలు తోసేస్తే చివరికి వెళ్తుంది. ఆడపిల్లయితే బాత్రూమ్ సంగతి ఎవరినడగాలో తెలీక పొద్దుట్నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటుంది. ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు. మా అక్క హైస్కూల్లో లెక్కల టీచరు, ఏటా జూన్‌లో ఇలాంటివి నలుగురైదుగురి దగ్గరైనా వింటుంది.

నేను ఆరో తరగతిలో చేరింది 2008లో. సక్సెస్ స్కూళ్ళు అని ఉమ్మడి రాష్ట్రంలో 6,500 హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది ఆ ఏడాదే. మా ఊరి బడి నుంచి పన్నెండు మందిమి వెళ్ళాం, ఏడుగురు ఇంగ్లీషు సెక్షన్లో చేరారు. ఏప్రిల్ దాకా క.సా.గు, గ.సా.భా అని చేసినవాళ్ళకి జూన్ నుంచి అవే ఎల్.సి.ఎం, హెచ్.సి.ఎఫ్. రెండూ ఒకటేనని చెప్పినవాళ్ళు లేరు. మాలో ఒకడు ఐదో తరగతిలో, మాష్టారు సెలవు పెడితే తనే బోర్డు దగ్గరికెళ్ళి మాకు లెక్కలు చెప్పేవాడు. ఆరులో మొదటి యూనిట్ టెస్టులో వాడికి లెక్కల్లో 25కి 4. "ఏ బళ్ళోంచి వచ్చావురా నువ్వు" అన్నారు సారు, క్లాసంతా నవ్వింది. వాడికి లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంకాక. దసరా తర్వాత వారానికి మూడు రోజులే వచ్చేవాడు. ఎవరూ అడగలేదు. ఏడు మధ్యలో మానేశాడు.

ఇక్కడే మనవాళ్ళు అందుకుంటారు: "మేమంతా అలా చదువుకుని రాలేదా? అలవాటు పడ్డాం, పైకొచ్చాం. పిల్లల్ని మరీ సుకుమారం చెయ్యకూడదు". అయ్యా, అలవాటు పడినవాళ్ళే కదా ఈ మాట అనడానికి మిగిలేది! మీ వాట్సాప్‌లో ఉన్నది "పదో తరగతి బ్యాచ్" గ్రూపు. "ఆరో తరగతి బ్యాచ్" అని పెట్టి చూడండి, ఎంతమంది నంబర్లు మీ దగ్గర లేవో తెలుస్తుంది. ఫెయిలైన రికార్డులన్నీ తీసేసి మిగిలినవాటి మీద టెస్టు నడిపి, అన్నీ పాసయ్యాయని చెప్పే ఫ్రెషర్ని ఏమంటాం మనం?

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ విషయం ఇంకో రూపంలో తెలిసే ఉంటుంది. అక్కడ హైస్కూలంటే తొమ్మిదో గ్రేడు నుంచి. 2005లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ నగరపు ప్రభుత్వ బడుల లెక్కలు తీసి చూపించారు. తొమ్మిదో గ్రేడులో సరిపడా క్రెడిట్లు తెచ్చుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్ ఎఫ్ కంటే ఎక్కువ రానివాళ్ళు, మిగతావాళ్ళతో పోలిస్తే నాలుగేళ్ళలో హైస్కూలు పూర్తిచేసే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువట. అంతకుముందు టెస్టుల్లో వచ్చిన మార్కుల కన్నా, ఇంటి ఆదాయం కన్నా, ఆ మొదటి ఏడాదే పిల్లల భవిష్యత్తుని బాగా చెప్పింది. 2007లో ఇంకాస్త తవ్వితే తేలిందేమిటంటే, ఆ ఏడాది తప్పడానికి పెద్ద కారణం పాత మార్కులు కాదు, బడికి రాకపోవడం. ఎవరు ఎన్ని రోజులు రావట్లేదో అక్కడి బడులు మొదటి నెల నుంచే చూసి వెంటపడటం మొదలుపెట్టాయి, ఆ తర్వాతి ఏళ్ళలో ఫలితం కనబడింది కూడా.

షికాగో వేరు, మన మండలం వేరు, ఒప్పుకుంటాను. కానీ మన దగ్గరా హాజరు పట్టీ ఉంది, అదీ ఇప్పుడు యాప్‌లోనే. 2021-22 యుడైస్ ప్లస్ లెక్కల్లో దేశం మొత్తానికి బడి మానేసినవాళ్ళు ప్రాథమిక స్థాయిలో 1.5 శాతం, 6-8 తరగతుల్లో 3 శాతం, 9-10లో 12.6 శాతం. ఈ అంకె చూసి అందరూ తొమ్మిది మీద పడతారు. మా అక్క ఏమంటుందంటే, "పేరు కొట్టేసేది తొమ్మిదిలోరా, పిల్లాడు బడి మీద ఆశ వదులుకునేది ఆరులో".

ఇక "బేస్ లేదండీ" అనే మాట ఒకటుంది. ఇంజనీరింగు కాలేజీ ఇంటర్‌ని అంటుంది, ఇంటర్ హైస్కూలుని, హైస్కూలు ఎలిమెంటరీని, ఎలిమెంటరీ టీచరు తల్లిదండ్రుల్ని. మన భాషలో చెప్పాలంటే "నా మాడ్యూల్లో బగ్ లేదు" :-) బేస్ లేని మాట కొంత నిజమే. 2018 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సగంమందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. సరే, మరి ఆ సగంలో ఎవరున్నారో హైస్కూలుకి ఎలా తెలుస్తుంది? ఐదో తరగతి నుంచి పిల్లతో వచ్చేది రికార్డు షీటు. అందులో కులం ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, పుట్టుమచ్చలుంటాయి. ఈ పిల్ల భాగహారం చేస్తుందా, నలుగురిలో అడగడానికి భయపడుతుందా, వీళ్ళమ్మ ఏడాదిలో ఆరు నెలలు వలస వెళ్తుందా అన్నవి ఉండవు. అవన్నీ తెలిసిన టీచరు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. ప్రాథమిక బడులు ఎంఈఓ కింద, హైస్కూళ్ళు డిప్యూటీ ఈఓ కింద నడిచిన వ్యవస్థ మనది, ఇద్దరు టీచర్లూ ఒక గంట కూర్చుని మాట్లాడుకోవడం ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. మన దగ్గర కేటీ లేకుండా ప్రాజెక్టు చేతులు మారితే ఎస్కలేషన్ అవుతుంది.

బ్రిడ్జి కోర్సులు లేవా అంటే, ఉన్నాయి. ఉత్తర్వు వస్తుంది, బేస్‌లైన్ టెస్టు పెడతారు, మార్కులు యాప్‌లో ఎక్కిస్తారు. ఎక్కించడంతో పని అయిపోతుంది. మొన్నటిదాకా బాత్రూమ్‌ల ఫొటోలు కూడా యాప్‌లోనే. (ఈ యాప్‌లు రాసింది మనవాళ్ళేనని మా అక్క నన్ను చూసినప్పుడల్లా దెప్పుతుంది.)

అక్క వాళ్ళ బళ్ళో మూడేళ్ళుగా చేస్తున్నది చెబుతాను. పెద్ద విషయమేం కాదు. ఏప్రిల్‌లో సెలవులివ్వకముందే చుట్టుపక్కల ఐదో తరగతి పిల్లల్ని ఒక పూట హైస్కూలుకి పిలుస్తారు. బాత్రూమ్‌లు, కుళాయిలు, ఆఫీసు గది, అన్నం పెట్టేచోటు అన్నీ చూపిస్తారు. జూన్‌లో ఒక్కో తొమ్మిదో తరగతి పిల్లకి ముగ్గురు ఆరో తరగతి పిల్లల్ని అప్పగిస్తారు, అదీ ఒకే ఊరి నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్ళని. మొదటి నెల క్యూలో ఆరో తరగతి ముందు. లెక్కల మాటలు తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన రాసిన చార్టు గోడ మీద. రెండు రోజులు వరసగా రాకపోతే ఇంటికి ఫోను. ఈ చివరిది మాత్రం కుదరట్లేదుట. పీరియడ్ల మధ్య ఫోన్లు ఎవరు చేస్తారు? చేసినా చాలా నంబర్లు పనిచెయ్యవు, కొందరి ఇళ్ళలో ఫోను నాన్న జేబులో పొలానికి పోతుంది.

కాబట్టి మనవాళ్ళకి నేను చెప్పేది ఇది. వెయ్యి రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా రోజూ సాయంత్రం పావుగంట ఇవ్వండి. ఒక్కొక్కరికి పదిమంది పిల్లలు. హెడ్మాస్టరుకి ముందే చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే. వరసగా రెండు రోజులు రాని పిల్లల ఇళ్ళకి ఫోను చేసి "ఏమ్మా, పాప ఎందుకు రాలేదు" అని అడగడం, విన్నది క్లాస్ టీచరుకి చెప్పడం. అంతే. పాఠాలు చెప్పొద్దు, ప్రేరణ అసలే వద్దు. నంబరు పనిచెయ్యకపోతే పక్కింటివాళ్ళ నంబరు కనుక్కోండి. పిల్లల్లో ముగ్గురు మళ్ళీ రావడం మొదలుపెట్టినా ఫొటోకి దొరకరు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

రాజమండ్రి చుట్టుపక్కల వాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి. ఏప్రిల్ నాలుగో వారం దాటితే బడులకి సెలవులిచ్చేస్తారు, ఐదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆ లోపే ఆటోలు మాట్లాడాలి. ఆటో డబ్బులు నేనిస్తాను.