ఇటుక గోడ అందమే... దులిపేదెవరు?

కిందటి వేసవిలో మా మేడ మీద గది బాగుచేయిద్దామనుకున్నాం. మాది విజయవాడ. అబ్బాయీ కోడలూ ఇంట్లోంచే ఉద్యోగాలు చేసుకోవడంతో కింద హాలు కాస్తా ఆఫీసైపోయింది. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే చోటొకటి కావాలి. ఇంటీరియర్ పని చేసే కుర్రవాడొకడు వచ్చి ఫోన్లో బొమ్మలు చూపించాడు. పూత లేని ఇటుక గోడలు, నల్లటి దూలాలు, గోడంత అద్దాల కిటికీ, కింద గోనె రంగు తివాచీ, ఇనుప నిచ్చెనెక్కితే పైన చిన్న మిద్దె. ‘దీన్ని రస్టిక్ లాఫ్ట్ స్టైల్ అంటారాంటీ’ అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మనకి లాఫ్ట్ అంటే వంటింట్లో తల పైన ఉండే సిమెంటు బల్ల. పెళ్ళినాటి గంగాళాలూ, బొమ్మల కొలువు పెట్టే దాచుకునే చోటు. మా అమ్మయితే అటక అనేది. అక్కడికి ఎక్కేది పిల్లులూ, పండక్కి ముందు మేమూనూ!

ఆ స్టైలు కథ తర్వాత తెలిసింది. న్యూయార్క్‌లో సోహో అనే పేట ఉంది. అక్కడి ఫ్యాక్టరీలు, గోదాములు ఖాళీ అయిపోతే, 1960లలో చిత్రకారులూ శిల్పులూ అద్దె తక్కువని వాటిలో చేరారు. పెద్ద బొమ్మలు వేసుకోవడానికి వెలుతురూ, ఎత్తూ కావాలి వాళ్ళకి. కాపురం ఉండటానికి అనుమతి లేదు, చాటుగా ఉండేవారు. 1971లో గానీ నగరపాలకులు కళాకారులకి ఆ వీలు కల్పించలేదు. ఇటుక గోడలూ ఇనుప స్తంభాలూ ఫ్యాక్టరీవి, వాళ్ళు ముచ్చటపడి కట్టించుకున్నవి కావు. పైగా అది మంచు కురిసే ఊరు. కంటికి వెచ్చగా కనిపించేదేదైనా అక్కడ హాయే. మనకో? మే నెలలో బెజవాడలో పడమటి వైపు గోడంత అద్దం పెట్టుకుంటే అప్పడాలు వేయించుకోవచ్చు.

ఎత్తు సంగతి కూడా చూడండి. మన ఇళ్ళలో శ్లాబు సాధారణంగా పదడుగులు. దాన్ని రెండు చేస్తే పైనా కిందా చెరి అయిదడుగులు కూడా రాదు. ఇక ఎక్కి పడుకునేదెవరు? మా అత్తగారికి ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆ బొమ్మల్లో సోఫాలన్నీ నేలకంటుకుపోయి ఉన్నాయి. కూర్చుంటే ఆవిణ్ణి ఇద్దరు లేవదీయాలి. ఆవిడ పడక కుర్చీ చూసి ఆ అబ్బాయి, ‘ఇది మ్యాచ్ కాదాంటీ’ అన్నాడు. నూరు శాతం టేకు, పేము అల్లిక, చేత్తో చేసింది. అదే పాతదనిపించేలా కొత్తగా చేయిస్తే మ్యాచవుతుందట!

అక్కడే నాకు మనసు చివుక్కుమంది. మా పుట్టింటి మండువా లోగిలి పడగొట్టినప్పుడు దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు లారీకెత్తి అమ్మేశారు. అన్నదమ్ములు పంచుకున్నారు, ఆడపిల్లని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఒక్క గడపైనా తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు పాత కలప దుకాణంలో అలాంటి దూలం ధర విని నోట మాట రాలేదు. అయినా ఒకటి కొన్నాం. గదిలో కిటికీ పక్కన అరుగులా వేయించాం. మా ఇంటిది కాకపోవచ్చు, కానీ దాని మీద కూర్చుంటే ఏదో ఊరట.

మన సామగ్రి మీద నాకు చిన్నచూపేమీ లేదు, ఎక్కువ చూపే. నేలకి తాండూరు రాయి వేయించాం. చల్లగా ఉంటుంది, పాదానికి హాయి. ఒక్క మాట. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడిచెయ్యాలి, లేకపోతే మచ్చ పడుతుంది. ఆసిడ్‌తో కడిగిస్తే ఇక అంతే సంగతులు. వెదురు బుట్టలు, తడకలు కొనేవాళ్ళు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టినదా కాదా అని అడగండి. కాకపోతే ఆర్నెల్లకే పురుగు పట్టి కింద పిండి రాలుతుంది. జనపనార తివాచీ వానాకాలంలో చెమ్మ వాసనేస్తుంది. నాకైతే వరంగల్ డర్రీలే నచ్చాయి. నూలువి, ఉతుక్కోవచ్చు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక ఇటుక గోడ. కోడలు సరదా పడింది, కాదనలేకపోయాను. నాటు ఇటుకలో సరిగ్గా కాలనిది పొడి రాలుతుంది, కాబట్టి బాగా కాలినవి ఏరి ఒక్క గోడకే పెట్టించి, మెరుపు లేని పూత వేయించాం. అందంగానే ఉంది. కానీ ఇటుకకీ ఇటుకకీ మధ్య సందుల్లో దుమ్ము! మొదటి నెల పనమ్మాయి బ్రష్షుతో దులిపింది. రెండో నెల ‘అమ్మా, ఈ గోడకి వేరే డబ్బులివ్వాలి’ అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బొమ్మ గీసినవాడు దులపడు, ఎంచుకున్నవాళ్ళు ఆదివారం మాత్రమే చూస్తారు. మావారి చేతికీ ఓ బ్రష్షు ఇచ్చాను. రెండు వారాలు చేసి, నడుం నొప్పన్నారు.

ఎండ సంగతి మాత్రం గట్టిగా పట్టుబట్టాను. ముందు డాబా మీద తెల్లని చల్లదనం పూత, తర్వాతే కింద సింగారం అన్నాను. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే చల్లని పైకప్పుల కోసమని ఒక విధానం తెచ్చింది. మనం సొంత ఇంటికైనా చేసుకోకపోతే ఎలా?

పడమటి కిటికీ విషయం ఇంకా తెగలేదు. ‘వెలుతురు పోతుందత్తయ్యా’ అంటుంది కోడలు. ప్రస్తుతానికి వట్టివేళ్ళ తడక కట్టి, మధ్యాహ్నాలు నీళ్ళు చల్లుతున్నాం. అత్తగారు ఆ పక్కనే తన పడక కుర్చీలో కునుకు తీస్తున్నారు. మిద్దె మానేశాం కానీ, నిచ్చెన అప్పటికే వచ్చేసింది. దాని మీద ప్రస్తుతం తువ్వాళ్ళు ఆరేస్తున్నాం.